నొప్పి చెప్పినవారి జీతం కోయకండి: సర్కస్ యజమానులకు బహిరంగ లేఖ

చెన్నైలో గుడారాలు వేసే సర్కస్ కంపెనీల యజమానులకు, మేనేజర్లకు, ఆట నేర్పే ఉస్తాదులకు నమస్కారం.

నేను ఈ నగరంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న తెలుగుదాన్ని. మీ క్యాంపు ఐలాండ్ గ్రౌండ్స్‌లో పడినా, ఊరి చివర మరే మైదానంలో పడినా మీ కళాకారుల్లో ఎవరో ఒకరు నా గుమ్మం ఎక్కుతారు. ఉదయం పూట వస్తారు. ఒంటిగంట ఆటకు తిరిగి చేరుకోవాలన్న తొందరలో ఉంటారు. నాకు తెలుగు వచ్చని తెలిసి విజయనగరం, శ్రీకాకుళం వైపు పిల్లలు తమతో పాటు నేపాలీ, బెంగాలీ స్నేహితులను కూడా వెంటబెట్టుకుని వస్తారు. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి అని నేను అడిగే లోపే వాళ్ళే నన్ను ఒక మాట అడుగుతారు: "ఈ సంగతి మా మేనేజరు గారికి తెలియదు కదా మేడమ్?"

ఆ ప్రశ్న వల్లే ఈ లేఖ రాస్తున్నాను. వలలు, పరుపులు, నడుముకు కట్టే బెల్టులు, ఆటకు ముందు చేయవలసిన వ్యాయామాలు అన్నీ అవసరమే. వాటి గురించీ రాస్తాను. కానీ నొప్పి ఉందని నోరు తెరిస్తే ఆ రోజు జీతం పోతుందన్న భయం గుడారంలో ఉన్నంతకాలం వాటిలో ఏదీ సరిగ్గా పనిచేయదు. దెబ్బ మొదలైందని ముందుగా తెలిసేది దెబ్బ తగిలినవారికే. వాళ్ళు దాచిపెడితే ఎంత చదువుకున్న వైద్యుడైనా తెలుసుకునేది ఆలస్యంగానే.

ఎత్తులో ఊయల మీద ఆడే ఒక ట్రాపీజ్ అమ్మాయి సంగతి చెబుతాను. చేయి పక్క నుంచి పైకెత్తమన్నాను. భుజం ఎత్తుకు వచ్చే లోపే ముఖంలో రంగు మారింది. ఆ పైన చేయి లేవడానికి భుజమంతా మెడ మీదికి ఎగబాకింది. చెవి పక్కకు చేరాక మళ్ళీ ముఖం తేటపడింది. భుజం కీలు లోతు తక్కువ గుంటలో తిరుగుతుంది. దాన్ని ఆ గుంటలో నిలిపి ఉంచేవి నాలుగు చిన్న కండరాలు. ఊయల మీది నుంచి ఎగిరి వచ్చిన మనిషిని అవతలి ఊయల మీది క్యాచర్ అందుకున్న క్షణంలో ఒంటి బరువుకు కొన్ని రెట్ల లాగుడు ఆ నాలుగింటి మీద పడుతుంది. అందులో ఒకటి ఈ అమ్మాయికి చాలాకాలంగా దెబ్బతిని ఉంది. మొదట నొప్పి పుట్టినప్పుడు తైలం రాసుకుంది. తర్వాత మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కుంది. ఆ తర్వాత ఆ పక్కకు తిరిగి పడుకోవడం మానేసింది. తొలి వారంలోనే వచ్చి ఉంటే కొద్ది వారాలు ఊయల ఎక్కకుండా, రబ్బరు పట్టీతో వ్యాయామాలు చేస్తూ, నేల మీది ఐటంలు ఆడుకుంటూ బాగుపడేది. నా దగ్గరికి వచ్చేసరికి అది నెలల పనైంది. ఎందుకు దాచావని అడిగితే ఆమె చెప్పిన లెక్క చాలా సూటిగా ఉంది. ఆడని ఆటకు కోత. ఐటం ఇంకొకరికి ఇచ్చేస్తే అది మళ్ళీ చేతికి రాదు. క్యాంపు ముగిశాక ఇంటికి వెళ్ళిపొమ్మంటారు. ఇంటి దగ్గర ఆమె పంపే డబ్బు మీద ముగ్గురు బతుకుతున్నారు.

ఆ లెక్కలో ఆమె తప్పేమీ నాకు కనబడలేదు. మార్చవలసింది ఆ లెక్కనే, మార్చగలిగినవారు మీరే.

మీ కష్టం తెలియక రాస్తున్నానని అనుకోకండి. 1998లో పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతుల ఆటలను ప్రభుత్వం ఆపింది. 2011లో సర్కసుల్లో పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. రెండూ న్యాయమైన నిర్ణయాలే. కానీ వాటి తర్వాత ప్రేక్షకుడిని కూర్చోబెట్టే భారమంతా మనుషుల ఒళ్ళ మీదే పడింది. కొత్తగా నేర్చుకునేవారు తగ్గారు. మైదానం అద్దె పెరిగింది. కరోనా కాలంలో గుడారాలు వేసినచోటే చిక్కుకుపోయి, తిండికి కూడా దాతల వైపు చూడవలసి వచ్చిన కంపెనీలు ఉన్నాయి. అందువల్ల ఉన్న కొద్దిమందితోనే ఆట నడుస్తోంది. ఒకే అమ్మాయి మొదట ఒళ్ళు విల్లులా వంచే బోన్‌లెస్ ఐటం చేస్తుంది, మధ్యలో తాడు మీద వేలాడుతుంది, తర్వాత సైకిల్ గుంపులో కనిపిస్తుంది, చివర నిచ్చెన కింద నిలబడుతుంది. రోజుకు మూడు ఆటలంటే పన్నెండు సార్లు రింగులోకి రావాలి. ఆ పన్నెండు సార్లూ నవ్వుతూనే రావాలి.

ఒంటికి బరువు ఎంత అన్నదానికన్నా అది ఎంత హఠాత్తుగా పెరిగిందన్నది ముఖ్యం. మీ క్యాంపుల పద్ధతి చూడండి. ఒక ఊళ్ళో ఆట ముగుస్తుంది. గుడారం విప్పి, లారీలకెత్తి, ఇక్కడికి చేర్చి, మళ్ళీ స్తంభాలు నిలబెట్టి, అనుమతులు వచ్చేవరకు రోజులు గడుస్తాయి. ఆ రోజుల్లో సాధన ఉండదు, లేదా అంతంతమాత్రంగా ఉంటుంది. ఇనుప రాడ్లు మోసే పని మాత్రం ఉంటుంది. ప్రారంభం రోజున ఒక్కసారిగా మూడు ఆటలు. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి నొప్పి మొదలైంది క్యాంపు తెరిచిన తొలి రోజుల్లోనే. తెరవడానికి ముందు కొన్ని రోజులు రింగులో సాధన పెట్టి, ఎగిరే సంఖ్యను రోజురోజుకూ పెంచుకుంటూ పోతే దీన్ని చాలావరకు ఆపవచ్చు. తొలి రోజుల్లో ఎత్తు మీది ఐటంలు మూడు ఆటల్లోనూ పెట్టకుండా రెండింటితో సరిపెట్టవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఉస్తాదులకు విడిగా ఒక మాట. నొప్పి లేనిదే విద్య రాదని మీరు నేర్చుకున్నారు, అదే నేర్పుతున్నారు. అందులో సగం నిజం ఉంది. కొత్త ఐటం మొదలుపెట్టిన మర్నాడు రెండు తొడలూ, రెండు భుజాలూ పట్టేసినట్టు ఉంటాయి. కాస్త కదిలితే సడలుతుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. అది కండరం బలపడే క్రమంలో వచ్చే నొప్పి. దానికి భయపడనక్కరలేదు. ఒకే పక్క, వేలు పెట్టి చూపించగలిగినచోట, ఆట ఆటకూ పెరుగుతూ, రాత్రి నిద్రలేపే నొప్పి అలాంటిది కాదు. అది కీలుదో, ఎముకదో, కండరం ఎముకకు అతుక్కునే చోటుదో. దాన్ని ఓర్చుకోమని చెప్పడం విద్య నేర్పడం కాదు. ఈ రెండు నొప్పులనూ వేరుచేసి చూడగలిగితే మీ పిల్లలకు అంతకు మించిన వైద్యం లేదు.

బోన్‌లెస్ చేసేవారి గురించి నాకు ఎక్కువ దిగులు. ఒళ్ళు సహజంగా వంగే పిల్లలనే ఆ ఐటంకు ఎంచుకుంటారు. చిటికెన వేలును వెనక్కి నెడితే నిలువుగా నిలబడుతుంది. బొటనవేలు ముంజేతికి తగులుతుంది. మోచేయి, మోకాలు నిటారును దాటి వెనక్కి పోతాయి. మోకాళ్ళు వంచకుండా అరచేతులు నేలకు ఆనుతాయి. మేము వీటన్నిటికీ కలిపి తొమ్మిది మార్కులు వేస్తాం. మార్కులు ఎక్కువ వచ్చాయంటే కీళ్ళను బిగించి ఉంచే స్నాయువులు పుట్టుకతోనే వదులుగా ఉన్నాయని అర్థం. అలాంటివారిని ఇంకా ఇంకా వంచడం మీద పెట్టే సమయంలో కొంత, వంగిన కీలును నిలబెట్టే కండరాలకు బలం పెంచడం మీద పెట్టాలి. పొట్ట లోపలి కండరాలు, పిరుదులు, భుజం రెక్క చుట్టూ ఉండేవి. అవి బలహీనంగా ఉంటే వంపంతా నడుము కింది భాగంలో ఒకటి రెండు వెన్నుపూసల దగ్గరే పడుతుంది. అదే చోట పదే పదే ఒత్తిడి పడి ఎముక వెనుక భాగంలో సన్నని బీట వస్తుంది. ఎదిగే వయసు వారిలో, ఎదుగుదల అప్పుడే ముగిసిన వారిలో ఇది ఎక్కువ. ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగమనండి. నడుములో ఒక పక్క కలుక్కుమంటే ఆ రోజే ఐటం ఆపి వైద్యుడికి చూపించండి. ముందుగా పట్టుకుంటే ఆ బీట అతుక్కునే అవకాశం ఉంది. పట్టించుకోకపోతే ఒక వెన్నుపూస మరొకదాని మీద ముందుకు జారవచ్చు.

జోకర్ల నొప్పి గురించి ఎవరూ అడగరు. వాళ్ళలో చాలామంది పొట్టివారు. చేతులు, కాళ్ళు పొట్టిగా ఉండే రకం పొట్టితనానికి ఎక్కువగా కనిపించే కారణం అకాండ్రోప్లేసియా అనే జన్యు స్థితి. అందులో వెన్నుపాము పోయే నాళం పుట్టుకతోనే ఇరుకుగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ ఇరుకు ఇంకా ఇబ్బంది పెడుతుంది. కొంత దూరం నడిస్తే కాళ్ళు తిమ్మిరెక్కడం, గొంతుక్కూర్చుంటేనో ముందుకు వంగితేనో తేలికపడడం దాని గుర్తులు. అలాంటి మనిషిని మూడు ఆటల్లోనూ వెనక్కి దభీమని పడమంటున్నాం. వెనుక నుంచి తన్ని పడేయడం, బల్ల మీది నుంచి దొర్లించడం లేకుండానే నవ్వించగల నేర్పు వాళ్ళకుంది. నేను చూశాను. కాళ్ళలో తిమ్మిరి ఉందన్న జోకరుకు పడే ఆటలు ఆపించి, వెన్నెముక వైద్యుడికి చూపించండి.

ఇక పడిపోయినప్పటి సంగతి. ఒక ఆటలో నేను గ్యాలరీలో కూర్చుని ఉండగా పైనుంచి ఒక కుర్రవాడు జారి వల అంచుకు తగిలి నేల మీద పడ్డాడు. బ్యాండు ఆగలేదు. ఇద్దరు జోకర్లు పరుగున వచ్చి ప్రేక్షకుల ముందు గంతులు మొదలుపెట్టారు. వాళ్ళ వెనుక ఇద్దరు పనివాళ్ళు వచ్చి ఒకరు చంకల కింద, ఒకరు కాళ్ళ దగ్గర పట్టుకుని ఆ కుర్రవాడిని పరదా వెనక్కి మోసుకుపోయారు. అతని తల వెనక్కి వేలాడుతూ ఉంది. ఇదంతా నిమిషంలో ముగిసింది. ఆ కుర్రవాడి మెడకు ఏమీ కాలేదు, అది అతని అదృష్టం. విరిగిన వెన్నుపూస వెన్నుపామును నొక్కేది పడినప్పుడే కాదు, ఎత్తినప్పుడు కూడా.

దయచేసి ఆ పద్ధతి మానుకోండి. పడినవారు మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్ళు తిమ్మిరి అన్నా, స్పృహలో లేకపోయినా అక్కడి నుంచి కదపకండి. తల దగ్గర ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో తలను ఉన్నది ఉన్నట్టు పట్టుకోవాలి. ఇంకొకరు 108కి ఫోను చేయాలి. ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూనే ఉండాలి. కదపక తప్పనప్పుడు తల, మెడ, నడుము ఒకే గీతలో ఉండేలా నలుగురైదుగురు కలిసి, తల పట్టుకున్నవారు లెక్కపెడితే ఒక్కసారిగా, గట్టి బోర్డు మీదికి తిప్పాలి. ఆ బోర్డు, మెడ పట్టీ గుడారంలోనే ఉండాలి. దీన్ని మీ రింగు పనివాళ్ళకు ఒక పూటలో నేర్పవచ్చు. ఈలోగా లైట్లు తగ్గించండి, పరదా అడ్డంగా పట్టించండి, ఆట ఆపామని మైకులో చెప్పండి. మా చెన్నై ప్రేక్షకులు మంచివారు, ఒక మనిషి ప్రాణం కోసం పావుగంట కూర్చుంటారు.

తల దెబ్బ కూడా అంతే. వలలో పడినా తల బలంగా ఊగితే మెదడు అదురుతుంది. పుర్రె పగలనక్కరలేదు, నెత్తురు రానక్కరలేదు. తల తిరగడం, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే అడగడం కనిపిస్తే ఆ రోజు మళ్ళీ రింగులోకి పంపకూడదు. నాలుగు గంటల ఆటలో పడినవారు ఏడు గంటల ఆటకు తయారుగా నిలబడితే అది ధైర్యమని మెచ్చుకోకండి. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వలలో పడడం కూడా నేర్పవలసిన విద్యే. వీపు మీద వాలాలి. కాళ్ళు ముందుగా తగిలితే చీలమండ, చేతులు ముందుగా తగిలితే మణికట్టు విరగవచ్చు. ఈ పాఠం పాత ఉస్తాదులు బాగా నేర్పేవారు.

పుత్తూరు కట్టు గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే మీ వాళ్ళలో సగం మంది నా కన్నా ముందు అక్కడికే వెళతారు. చెన్నైలో ఏ వీధిలో చూసినా ఆ బోర్డు కనిపిస్తుంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ కట్టు. ఖర్చు తక్కువ, ఆపరేషను ఉండదు, మన భాష మాట్లాడతారు. కదలని ఎముక విరుపులు కొన్ని ఆ కట్టుతో అతుక్కుంటాయి కూడా. అందుకే జనానికి ఆ నమ్మకం. అయితే ఎక్స్‌రే తీయకుండా ఏ కట్టూ కట్టించకండి. కట్టు తర్వాత వేళ్ళు చల్లబడినా, నల్లబడినా, మొద్దుబారినా వెంటనే విప్పించాలి. ఇంకొకటి, సర్కస్ కళాకారుల దెబ్బల్లో చాలావరకు ఎముకవి కావు, కండరాలవీ స్నాయువులవీ. బెణికిన చీలమండను వారాల తరబడి కట్టి ఉంచితే కండరం కరిగి, ఆ పాదానికి నేల తెలియకుండా పోతుంది. వాపు తగ్గగానే మెల్లగా కదపాలి, ఒంటికాలి మీద నిలబడడం మళ్ళీ నేర్పాలి, కళ్ళు మూసుకుని కూడా. అది చేయించకుండా తాడు ఎక్కించినవారికే అదే కాలు మళ్ళీ మళ్ళీ బెణుకుతుంది.

వేడెక్కే వ్యాయామం గురించి క్లుప్తంగా చెబుతాను. ఐటంకు ముందు కాళ్ళు చాపి నిమిషాల తరబడి సాగదీస్తూ కూర్చోవడం కండరం చురుకును కాసేపు తగ్గిస్తుంది. గెంతడం, చేతులు తిప్పడం, ఐటంలోని కదలికలనే తక్కువ ఎత్తులో చేయడం మంచిది. పది పదిహేను నిమిషాలు చాలు, కానీ మూడు ఆటలకు ముందూ చేయాలి, మధ్యలో ఒళ్ళు చల్లారుతుంది కాబట్టి. ఎండాకాలంలో చెన్నై గుడారం లోపల గాలి ఆడదు. చెమటతో పట్టు జారుతుంది, నీళ్ళు, ఉప్పు పోయి పిక్కలు పట్టేస్తాయి. ఉప్పు వేసిన మజ్జిగ బిందె ఒకటి పరదా వెనుక పెట్టించండి.

ఇనుప సామాను నా విద్య కాదు. అయినా ఒక్క సంగతి. 2014లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో జుట్టుతో వేలాడే ఐటంలో ఎనిమిది మంది మహిళలు ఒక్కసారిగా కింద పడ్డారు. విరిగింది ఒకే ఒక్క ఇనుప కొక్కెం, దాని మీద పడకూడని తీరులో బరువు పడడం వల్ల. కట్టినవారు కాక మరొకరు ప్రతి ఆటకు ముందు చూడాలని చెప్పడానికి ఆ ఒక్కటి చాలు.

సర్కస్‌కు ఫిజియోథెరపిస్టు ఎందుకని కొందరు మేనేజర్లు నన్నే అడిగారు. కెనడాకు చెందిన సర్క్ దు సొలేయ్ కంపెనీ తన ప్రదర్శనల వెంట వైద్య బృందాన్ని తిప్పుతుంది. అక్కడి 1,376 మంది కళాకారుల 18,336 గాయాల వివరాలతో 2009లో ఒక అధ్యయనం వెలువడింది. ఆ గాయాల్లో 80 శాతం వాటికి కళాకారుడు మానేసిన ప్రదర్శన ఒకటో, అసలే లేదో. అంత చిన్న చిన్న నొప్పులు కూడా పుస్తకంలోకి ఎక్కాయంటే చెప్పుకోవడానికి అక్కడ మనిషి ఉన్నాడు, చెప్పుకునే అలవాటు ఉంది. నేను చూసేది అదే. అయినా అక్కడ ప్రాణాలు పోలేదని కాదు. 2013లో లాస్ వేగాస్‌లో, 2018లో టాంపాలో ప్రదర్శన మధ్యలో ఇద్దరు పడి చనిపోయారు. వైద్యులు ఉన్నంత మాత్రాన ఎత్తు తగ్గదు. కానీ అరిగిన భుజంతో ఆ ఎత్తుకు ఎక్కేవారు తగ్గుతారు.

మీకు అంత స్తోమత లేదు, తెలుసు. నెల జీతం మీద ఒకరిని తిప్పుకోలేకపోతే క్యాంపు పడిన ప్రతి ఊళ్ళో స్థానికంగా ఒకరిని వారానికి రెండు ఉదయాలు పిలవండి. ఒక్కో కళాకారుడికి ఒక్కో పుస్తకం పెట్టండి. ఊరు మారితే వైద్యుడు మారతాడు, పుస్తకం మాత్రం కళాకారుడితోనే వెళ్ళాలి. చెన్నైలో ఆ పని సులువు. ఫిజియోథెరపీ కళాశాలలు ఎన్నో ఉన్నాయి. కె.కె. నగర్‌లో ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ ఉంది. 1920లో మొదలైన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్య కళాశాల నందనంలో ఉంది. ఆటకూ ఈ ఊరి చదువుకూ సంబంధం కొత్తది కాదు. వీరఘట్టంలో పుట్టిన మన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఇక్కడి సైదాపేటలోనే వ్యాయామ శిక్షణ పొందారు. విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పారు. సర్కస్ కంపెనీ పెట్టింది ఆ తర్వాతే. గొలుసులు తెంచడం, కార్లు ఆపడం గురించి అందరూ చెబుతారు. ఒళ్ళు ఎలా పనిచేస్తుందో చదువుకుని కంపెనీ పెట్టిన యజమానిగా ఆయన నాకు ఇంకా ఇష్టం.

ఇంతకూ నేను కోరేది ఇది. నొప్పి ఉందని చెప్పి, వైద్యుడు విశ్రాంతి రాసిన రోజులకు జీతం పూర్తిగా ఇవ్వండి. ఐటం తాత్కాలికంగా మరొకరికి ఇచ్చినా, బాగయ్యాక వారిదే వారికి ఇవ్వండి. విశ్రాంతి అంటే మూల కూర్చోబెట్టడం కాదు. భుజం దెబ్బ తగిలినవారు టికెట్ల దగ్గర కూర్చోగలరు, చిన్నవాళ్ళకు నేర్పగలరు, సామాను చూసుకోగలరు. దీన్ని అలుసుగా తీసుకుని దొంగ నొప్పులు చెబుతారని మీకు అనుమానం ఉండవచ్చు. ఇన్నేళ్ళలో నా దగ్గరికి వచ్చిన సర్కస్ కళాకారుల్లో లేని నొప్పి చెప్పినవారిని నేను చూడలేదు. ఉన్న నొప్పిని లేదన్నవారినే చూశాను.

ఈసారి చెన్నైలో క్యాంపు వేసేటప్పుడు తొలి ఆటకు రెండు మూడు రోజుల ముందు కబురు పెట్టండి. నేనూ, ఈ పని తెలిసిన మరికొందరం గుడారానికే వస్తాం. ప్రతి ఒక్కరి భుజం, నడుము, మోకాలు, చీలమండ చూసి పుస్తకంలో రాసి ఇస్తాం. పడినవారిని ఎలా ఎత్తాలో మీ పనివాళ్ళకు నేర్పుతాం. దీనికి డబ్బు తీసుకోం. కానీ మేము రాకముందే మీరు అందరినీ రింగులో కూర్చోబెట్టి, నొప్పి బయటపడినవారి జీతం కోయబోమని మీ నోటితో చెప్పి ఉండాలి. ఆ మాట మేనేజరు చెబితే చాలదు, యజమాని చెప్పాలి. మీరు చెప్పకపోతే మేము వచ్చినా ఒక్కరూ నిజం చెప్పరు.

ఇట్లు,
చెన్నై నుంచి ఒక ఫిజియోథెరపిస్టు